మూడో రెక్క పట్టీ

రాత ఈ మధ్యే నేర్చుకున్నాను, ఒత్తుల దగ్గర నాకింకా తడబాటే. ఒక్కో మాటకు చాలాసేపు పడుతుంది. తప్పులుంటే మన్నించి చదవండి.

ధర్మయ్య అప్పటికే నిచ్చెన మీద ఉన్నాడు. కిందికి దిగిన గాలిమర రెక్కను స్తంభానికి తాడుతో బిగించి, దాని అంచు వెంట బొటనవేలు పోనిస్తున్నాడు. ముప్పై ఏళ్లు మగ్గం మీద పనిచేసిన వేలు అది. తెగిన పోగు కంటికి కనబడకముందే దానికి తెలిసేది. ఇప్పుడు వడగండ్లు కొట్టిన గుంతలు తెలుస్తున్నాయి. గుంతల్లో వాననీళ్లు దూరి, రంగు పొరలుగా లేచిపోయి, లోపలి చెక్క పీచులా రేగింది.

మగ్గం మూలపడ్డాక ఆత్మకూరు బయట ఈ గాలిమర కావలి పని దొరికింది. అది తిరిగితే వాడకు నీళ్లు, ధర్మయ్య ఇంట్లో పొయ్యి. రెక్కల అంచులు అరిగిపోయినప్పటి నుంచి స్తంభం అదురుతోంది. రేపు ఇంజినీరు వచ్చి తిప్పి చూస్తాడు. అదిరితే విప్పి తీసుకుపోతామని ముందే చెప్పాడు.

అంచులకు పూసే మందు ఏడాదిగా అడుగుతున్నా రాలేదు. అందుకే ధర్మయ్య తన ఆఖరి నేతబట్టను మూడు పట్టీలు చేశాడు. ఒక రెక్క బరువెక్కినా మర ఊగుతుంది. భార్య సుగుణమ్మ అడిగి తెచ్చిన కూరగాయల తక్కెడలో మూడూ సరితూగేదాకా ఒక్కో పోగు లాగుతూ కూర్చున్నాడు. చింతగింజల జిగురుతో అంటించి, ఎండాక పైన రంగు పూయాలి.

మధ్యాహ్నానికి మొదటిదానికి రంగు కూడా పడింది. రెండోది అంటించాడు, ఇంకా పచ్చిగా ఉంది.

"రొట్టె చల్లారుతాంది, దిగు" అంది సుగుణమ్మ కింద నుంచి.

"ఇంకొక్కటే ఉంది. అంటించి వస్త."

"ఆ మరనే కట్టుకోకపోయినవ్. రొట్టె చేసి పెడుతుండె."

"అది నీ లెక్క తిట్టదే."

"పొద్దటి సంది కడుపుల ఏం పడలే. దిగయ్యా జర."

నవ్వి దిగాడు. మూడో పట్టీని బట్టలారేసే తీగ మీద వేశాడు.

రెండో ముక్క నోట్లో పెట్టుకునేసరికి ఏటి వైపు నుంచి గాలి చల్లబడింది. తిండి వదిలేసి, గోనెపట్టా పట్టుకొని నిచ్చెన ఎక్కాడు. పచ్చి జిగురు మీద పట్టా చుట్టి, రెండు చేతులతో అదిమి పట్టుకున్నాడు. వడగండ్లు నెత్తిన, మెడ మీద, వీపున పడ్డాయి. సుగుణమ్మ అరుపులు ఆ చప్పుడులో కలిసిపోయాయి.

వాన వెలిశాక తనంతట తనే దిగాడు. "రెండోది దక్కింది" అన్నాడు. నుదురు బొప్పి కట్టింది. "జర చలి పెడుతాంది" అని పడుకున్నాడు. సుగుణమ్మ గొంగడి కప్పింది. దీపం ముట్టించి పిలిస్తే పలకలేదు.

మర్నాడు ఇక్కడ పాడె కడుతుంటే, అక్కడ ఇంజినీరు తాడు విప్పి మర తిప్పాడు. రెండు రెక్కలు బరువు, ఒకటి తేలిక. స్తంభం ఎన్నడూ లేనంతగా ఊగింది.

"అసలేం అంటించకున్నా గింత ఊగకపోతుండె" అని ఆపించి, మర విప్పాలని కాగితం రాసుకొని వెళ్లాడు.

తినడానికి తానే పిలిచిన సంగతి సుగుణమ్మ ఎవరికీ చెప్పలేదు.

తీగ మీద మూడో పట్టీ తడిసి, మళ్లీ ఆరి, మిగతా రెంటితో సరితూగే బరువుతో అట్లాగే వేలాడుతోంది.

రాసింది సుగుణమ్మ, అరవై ఏడేళ్లు, ఇప్పుడుండేది హాలియా.