అవతలి కొస

శ్రవణ్‌కుమార్ తడిగుడ్డతో ఆట రిమోట్లు తుడుస్తూనే తెర వంక చూస్తున్నాడు. చిట్యాల బస్టాండు వెనక సందులో అతని వీడియోగేముల దుకాణం. గిరాకీ ఉన్నా లేకపోయినా పొద్దున్నే షట్టర్ లేపాలి, కొత్త ఆట వస్తే ముందు తనే ఆడి, బాగోగులు చెప్పాలి. మగ్గం అబ్బలేదు, చదువు అబ్బలేదు, అబ్బిందల్లా ఇదొక్కటే.

ఇవాళ వచ్చింది మామూలు ఆట కాదు. ఇంట్లో ఒక మనిషికి దీనికోసం ఎదురుచూసి ఎదురుచూసి కళ్లు కాయలు కాశాయి.

ఆ మనిషి అతని తండ్రి రాజం. మోకాళ్లు మొరాయించి మగ్గం గుంటలోకి దిగలేకపోయినప్పటి నుంచి, మధ్యాహ్నాలు దుకాణంలో కూర్చునేవాడు. ఊరికే కూర్చోవడమెందుకని శ్రవణ్ ఒకరోజు రెండో రిమోట్ చేతిలో పెట్టాడు. ఆటలో ఇద్దరన్నదమ్ములు కూలిన కోటలో దారి వెతుక్కుంటూ పోతారు. అన్నకు కత్తి, తమ్ముడికి దివిటీ. రాజం ఎప్పుడూ దివిటీయే. తొందరపడడు, వెనకబడడు.

"పడుగు సాపినట్టే గదరా," అనేవాడు, ఇద్దరు చెరో కొస పట్టుకుని మగ్గం దారాలు సాగదీసే పనిని తలుచుకుంటూ. "అవతలి కొస పట్టినోడు ఉన్నడో లేడో చూసే పనిలేదు. చేతికే ఎరుకైతది."

కోట అయిపోయిన రోజు ముసలాయన మొహం చిన్నబోతే, "రెండో భాగం వస్తదట బాపూ, అదిగూడ మనిద్దరమే ఆడుదాం," అని మాటిచ్చాడు కొడుకు. ఇక ఆనాటి నుంచి అన్నం ముందు కూర్చుంటే చాలు, "వచ్చిందారా?" అని ఒకటే అడుగుడు.

పొద్దుటి నుంచి ఆడి చూస్తే, కంటికి వంక పెట్టలేని ఆట. ఏటి నీళ్లు నిజం నీళ్లలా కదులుతున్నాయి. కత్తి దూస్తే బరువు తెలుస్తోంది. కోట దాటి లోకమంతా తిరగొచ్చు. కాకపోతే ఎదురైన ప్రతివాడూ మేక తప్పిపోయింది వెతుకు, తేనె తెచ్చిపెట్టు అని పని చెప్పేవాడే. ఆ చాకిరీలో అసలు కథ అడుగున పడిపోయింది. అదీ సర్దుకోవచ్చు. సర్దుకోలేనిది ఒకటుంది. తమ్ముడు చనిపోయాడని మొదట్లోనే ఒక్క ముక్కలో చెప్పేసి, దివిటీని అన్న నడుముకు కట్టేశారు. చీకటి పడితే అదే వెలుగుతుంది. ఈ ఆటలో రెండో మనిషే లేడు.

శ్రవణ్‌ రిమోట్ పక్కన పెట్టేశాడు.

మధ్యాహ్నం రాజం ఉతికిన చొక్కా తొడుక్కుని మరీ వచ్చాడు. "వచ్చిందటగా? మీ అమ్మ చెప్పింది."

ఆ మొహం చూశాక నిజం చెప్పడానికి నోరు రాలేదు. రెండో రిమోట్ తండ్రి చేతికిచ్చి, దాని వైరు కొసను ఎందులోనూ పెట్టకుండానే బల్ల వెనక్కి జారవిడిచాడు.

"నడక నాది, దివిటీ నీది బాపూ. చీకటైతే మీట నొక్కు."

అబద్ధమైనా అతికినట్టుండాలంటారు. కాసేపు అతికింది. అడవి దాటేదాకా రాజం పసిపిల్లాడిలా నొక్కుతూనే ఉన్నాడు. గుహలోకి దిగే ముందు మాత్రం వేలు పక్కకు తీసి, ఊరికే చూశాడు. దివిటీ తనంతట తనే వెలిగింది. తండ్రి వేలు తీయడం శ్రవణ్ చూడనే చూశాడు. అయినా, "మస్తు నొక్కినవ్ బాపూ!" అన్నాడు.

రాజం తన చేతుల వంక చూసుకున్నాడు. "నొక్కిన్నా?" అన్నాడు మెల్లగా. ఆ తర్వాత గుహ అయ్యేదాకా కొడుకు చెప్పినప్పుడల్లా నొక్కుతూనే కూర్చున్నాడు.

సాయంత్రం పిల్లలు ఎగబడి రావడంతో శ్రవణ్ అటు తిరిగాడు. రాజం వెళ్లబోతూ గుమ్మం దగ్గర ఆగాడు.

"నీళ్లు బాగ పెట్టిండ్రు. ముట్టుకుంటె తడైతదేమో అన్నట్టున్నయ్. గని పాపం, గా పిలగాడు ఒక్కడే తిరుగుతాండు."

"రేపు ఇంకో కోట ఉంది, జల్ది రా బాపూ."

"సూద్దాం తియ్యి, బిడ్డా."

తెల్లవారి తల్లి ఆండాళు చాయ్ తెచ్చి పిలిస్తే రాజం లేవలేదు. నిద్రలోనే పోయాడు.

దినాలయ్యాక శ్రవణ్ షట్టర్ లేపాడు. అరలో పాత ఆట అట్లాగే ఉంది. "దీంట్ల నీకు జాగ లేదు బాపూ, దా, పాతదే ఆడుదాం," అంటే సరిపోయేది. ముసలాయన నవ్వుకుంటూ వచ్చి కూర్చునేవాడు. ఆ ఒక్క మాట అననందుకు ఇక జన్మంతా ఏడ్చినా తీరదు.

తండ్రి కుర్చీలో రెండో రిమోట్ ఆ సాయంత్రం నుంచీ అట్లాగే ఉంది. దాని వైరును ఎవరో నేత తెలిసిన చేత్తో ఎక్కడా పురి పడకుండా కండెకు నూలు చుట్టినట్టు చుట్టి, ఎందులోనూ పెట్టని ఆ కొసను పైకి కనబడేలా దోపి పెట్టారు.