నాలుగో కుట్టు

నజ్మీన్ హోదా విజిటింగ్ కార్డు మీద రెండు లైన్లు పడుతుంది. వైస్ ప్రెసిడెంటు, ఆ పైన ఇంకా ఏదో. వాళ్ల అమ్మ జాన్‌బీ మాత్రం ఆ ఉద్యోగాన్ని ఒక్క ముక్కలో తేల్చేసింది. ఎవరడిగినా "మా అమ్మాయి బొంబాయిలో కాజాలు చూస్తుంది" అంటుంది. ఇరవై ఆరేళ్లు, మూడు కంపెనీలు, ఎక్కి దిగిన విమానాలకు లెక్కే లేదు. అన్నీ కలిపి చూస్తే అమ్మ మాటే నిజమని నజ్మీన్‌కు ఈమధ్య తరచుగా అనిపిస్తోంది.

కాజా అంటే గుండీ దూరే కంత, అంతే. కత్తిరించిన చోట పోగులు లేవకుండా చుట్టూ దారంతో కుట్టాలి. వినుకొండలో అలీ సాహెబ్ కుట్టిన చొక్కాలన్నీ కాజాల కోసం జాన్‌బీ ఇంటికే వచ్చేవి. ఆమె గుమ్మం వెలుతురులో కూర్చుని పొద్దుగూకేదాకా కుట్టేది. కుట్టు కాస్త అటూ ఇటూ అయితే అలీ సాహెబ్ చొక్కా తిప్పి పంపేవాడు. "మిషన్ మీద తీసినట్టుండాలమ్మా" అనేవాడు. గుంటూరులో కాజా మిషన్లు దిగిన రోజులవి. పెళ్లికొడుకులు చేతి కాజా చొక్కా అంటే మొహం చిట్లించేవాళ్లు. అందుకని జాన్‌బీ తన పని చేతి పనిలా కనపడకుండా ఉండడానికి కళ్లు పోగొట్టుకుంది.

ఆ తర్వాత లోకం తిరగబడింది. ముంబై కంపెనీ ఇంటర్వ్యూలో నజ్మీన్ సూది తీసుకుని ఒక కాజా కుట్టి చూపించింది. ఇటలీ నుంచి వచ్చిన పెద్దాయన దాన్ని కిటికీ దగ్గరకు తీసుకెళ్లి చాలాసేపు చూశాడు. ఆ కంపెనీ కుట్టేవి కోట్లు. వాటి ఖరీదు చెబితే అమ్మ నమ్మదని నజ్మీన్ ఎప్పుడూ చెప్పలేదు. ఆ ఖరీదంతా చేతి పనికే. అమ్మ సిగ్గుపడి దాచుకున్నదాన్ని కూతురు అద్దాల షాపుల్లో గొప్పగా చెప్పి అమ్మింది, మెట్టు మెట్టుగా పైకెక్కింది. పన్నెండేళ్ల కిందట కంపెనీని ఒప్పించి వినుకొండలోనే యూనిట్ పెట్టించింది. నలభై మంది ఆడవాళ్లు. పని నేర్పింది జాన్‌బీయే. ఇన్నేళ్ల ఉద్యోగంలో తలెత్తుకుని చెప్పుకోదగ్గది నజ్మీన్‌కు ఆ ఒక్కటే.

ఇప్పుడు దానికే ఎసరొచ్చింది.

కంపెనీ కొత్త మిషన్ ఒకటి చేయించింది. అది చేత్తో కుట్టినట్టే, చిన్న చిన్న తప్పులతో సహా కాజా కుడుతుంది. కోటు మీద మాత్రం 'చేతిపని' అనే ఉంటుందట. క్రాఫ్ట్ విభాగం తరఫున నజ్మీన్ సంతకం పెడితే వినుకొండ యూనిట్ మూతపడుతుంది. ఆమె పై అధికారి శ్యామ్ సుందర్ మీటింగులో రెండు గుడ్డముక్కలు బల్ల మీద పెట్టి, "ఏది ఏదో మీరే చెప్పండి" అన్నాడు. ఒకటి మిషన్ కుట్టింది. రెండోది యూనిట్ సూపర్‌వైజరు రెబెకా కుట్టింది. నజ్మీన్ ఎంత తడిమినా తేల్చుకోలేకపోయింది. తన వేళ్ల మీద ఉన్న నమ్మకం ఆ బల్ల దగ్గరే పోయింది. పరువు కోసం ఒక మాట అనేసింది.

"వినుకొండలో ఒక మనిషి ఉంది. ఆమె పట్టుకోలేకపోతే సంతకం పెడతాను."

"పట్టుకుంటే మిషన్ మానేద్దాం" అన్నాడు శ్యామ్ సుందర్. నవ్వుతూనే అన్నా, మాట మాటే.

గన్నవరంలో దిగి కారెక్కేసరికే నజ్మీన్‌కు నడుం పట్టేసింది. నరసరావుపేట దాటాక రోడ్డు పక్కన మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి, డ్రైవరు తుమ్ముతూనే నడిపాడు. పత్తి లారీలు రాసుకుపోయిన కంపల మీద దూది వేలాడుతోంది. ఒకప్పుడు ఈ దారిలో వస్తుంటే ఎంతో గర్వంగా ఉండేది. ఇవాళ ఈ ప్రయాణం ఎప్పుడు అయిపోతుందా అనిపించింది. ప్రయాణమే కాదు, ఉద్యోగమూ అంతే.

ఇంటి దగ్గర రెబెకా కారియర్‌తో కాచుకుని ఉంది. మేడం వస్తున్నారంటే వంట చేసి తేవడం ఆమె అలవాటు. మిషన్ సంగతి ఆమెకు తెలియదు. జాన్‌బీ మంచం మీద కూర్చుని ఉంది. ఆమెకు చూపు పూర్తిగా పోయి నాలుగేళ్లయింది.

"ఏమే, చేతులింత చల్లగా ఉన్నాయేం? తిన్నావా?"

"తింటాలే అమ్మా. ముందు ఈ రెండూ చూసిపెట్టు. ఒకటి మిషన్ కుట్టింది, ఒకటి చేత్తో కుట్టింది. ఏది ఏదో చెప్పాలి."

"దీనికోసం బొంబాయి నుంచి వచ్చావా? నీ ఉద్యోగం నాకు అర్థం కాదే" అంటూ జాన్‌బీ మొదటి ముక్క అందుకుంది. బొటనవేలి గోరు కాజా అంచు మీద ఒక చుట్టు తిప్పింది. ఆలోచించనైనా లేదు.

"ఇది మిషన్‌ది."

మీటింగులో చెప్పిన గుర్తు నజ్మీన్ మరోసారి చూసుకుంది. అది రెబెకా కుట్టిన ముక్క.

"పెద్దమ్మా, అది నేను కుట్టింది" అంది రెబెకా మెల్లగా.

జాన్‌బీ మళ్లీ తడిమింది. ఈసారి నెమ్మదిగా, కుట్టు కుట్టునూ తడిమింది. "నువ్వా? మిషన్ అనుకున్నానే. అయితే నీకు పని వచ్చిందన్నమాట" అంది.

రెబెకా కళ్లలో నీళ్లు తిరిగాయి. పన్నెండేళ్లలో పెద్దమ్మ నోట్లోంచి ఒక్క మెచ్చుకోలు మాట రాలేదు. మిషన్‌లా ఉందనడం కన్నా పెద్ద మాట జాన్‌బీ దగ్గర లేదని ఆ యూనిట్‌లో అందరికీ తెలుసు.

రెండో ముక్క దగ్గర జాన్‌బీ ఆగింది. వేలు ఒక చోట ఆనించి, వెనక్కి వచ్చి, మళ్లీ అక్కడే ఆనించింది. మొహంలో చిన్న నవ్వు కనిపించింది.

"ఇది చేత్తో కుట్టిందే. ఎవరిదో కూడా చెప్పనా? ఆదెమ్మది. ప్రతి నాలుగో కుట్టు దగ్గరా దారం బిగలాగేస్తుంది. ఎన్నిసార్లు చెప్పానని. మిరపకోతకి పోయొచ్చి సూది పడితే అంతే మరి. వేళ్లు మండి మొద్దుబారిపోతాయి, దారం ఎంత బిగిసిందో తెలీదు."

"ఆదెమ్మ మానేసి మూడేళ్లయింది పెద్దమ్మా" అని నసిగింది రెబెకా.

"మానలేదు, మానిపించారు. మళ్లీ పెట్టుకున్నావన్నమాట. మంచి పని చేశావే నజ్మీ. ఈసారి తీసెయ్యకు."

నజ్మీన్‌కు అప్పుడు గుర్తొచ్చింది. ఆదెమ్మను తీసెయ్యమన్న కాగితం మీద సంతకం తనదే. ఆమె కుట్టిన ముక్కలన్నీ పనికిరానివని పెట్టెలో వేయించి ముంబై తెప్పించింది. నిరుడు మిషన్ చేసేవాళ్లు వచ్చి, చేతిపని నమూనాలు కావాలి, తప్పులున్నవైతే మరీ మంచిది అంటే, చెత్త వదిలిందనుకుని ఆ పెట్టె ఎత్తి వాళ్లకిచ్చేసింది. ఏ తప్పుకి ఆదెమ్మ పని పోయిందో ఆ తప్పే మిషన్ నేర్చుకుంది. అమ్మ వేలు పొరబడలేదు. ఆ ముక్కలో ఉన్నది ఆదెమ్మ చెయ్యే. నజ్మీన్‌కు తన మీద తనకే అసహ్యం వేసింది.

"తీసెయ్యనమ్మా" అంది.

ఫోన్ మోగింది. శ్యామ్ సుందర్.

"పట్టుకున్నారా మీ మనిషి?"

అవునని ఆపేస్తే సరిపోయేది. నలభై మంది అన్నం ఆ ఒక్క మాట మీద ఉంది. కానీ కుట్టు గురించి ఆమె జీవితంలో ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు. ఈ అలసటలో కొత్తగా ఒకటి నేర్చుకునే ఓపిక కూడా లేదు.

"పట్టుకుంది. మిషన్ ముక్కను ఎవరు కుట్టారో కూడా చెప్పింది. ఆదెమ్మ అంది."

"ఆదెమ్మ ఎవరు?"

"మన దగ్గర పనిచేసేది."

అటువైపు నుంచి నవ్వు వినిపించింది. "అంటే చేతిపనే అనుకుందిగా నజ్మీన్ గారూ. ఇంకేం, సంతకం పెట్టి ఫారం పంపించెయ్యండి."

లాప్‌టాప్ తెరిచింది. ఫారంలో అన్నీ నింపే ఉన్నాయి, ఒక్క గడి తప్ప. చేతిపని చేసినవారి పేరు. కోటు జేబులో పెట్టే చీటీ కోసం అది అడుగుతారు. ఏదో ఒక పేరు పెట్టమని పక్కనే చిన్న గమనిక ఉంది.

"రెబెకా, ఆదెమ్మ ఇంటిపేరేంటి?" తొమ్మిదేళ్లు తన యూనిట్‌లో సూది పట్టిన మనిషి ఇంటిపేరు అడగాల్సి వచ్చినందుకు నజ్మీన్ తలెత్తలేకపోయింది.

"చాట్ల, మేడం. ఎందుకు, నిజంగానే మళ్లీ పిలుస్తున్నారా? బుడాన్ గారి చేలో కోతలో ఉంది. ఫోన్ చేస్తే పరిగెత్తుకొస్తుంది."

నజ్మీన్ చాట్ల ఆదెమ్మ అని కొట్టింది. సంతకం పెట్టి పంపేసింది. చూస్తే రెబెకా అప్పటికే ఫోన్‌లో నంబరు వెతుకుతోంది.

"చెయ్యొద్దు రెబెకా. ఎవర్నీ పిలవడం లేదు. నువ్విలా వచ్చి కూర్చో, చెప్పాల్సిన మాట ఒకటుంది."

రెబెకా కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి మంచం అంచున కూర్చుంది. పెద్దమ్మ మెచ్చుకున్న సంతోషం ఆమె మొహంలో ఇంకా అలాగే ఉంది.