పైవాడు టీకి వెళ్ళిన వేళ

డబ్బాలో పెయింటు ఒక పక్కకు వాలింది.

బావ మొదట పట్టించుకోలేదు. గాలికి బల్ల ఊగితే పెయింటూ ఊగుతుంది. ఊగడం ఆగితే మళ్ళీ సమంగా నిలుస్తుంది. ఇప్పుడు గాలి ఆగింది. బల్ల ఆగింది. పెయింటు మాత్రం బావమరిది వైపు అంచుదాకా ఎక్కి, తన వైపు కిందికి జారి, అలాగే ఉండిపోయింది.

పొద్దున ఎక్కినప్పుడు ఇలా లేదు.

తొమ్మిదో అంతస్తు. కొత్త బిల్డింగు, ఇంకా ఎవరూ కాపురానికి రాలేదు. బయటి గోడకు వేలాడుతున్న పొడవాటి చెక్క బల్ల. దాని రెండు కొసలకూ రెండు తాళ్ళు. ఆ కొసన ఒకడు, ఈ కొసన ఒకడు కూర్చుని రంగు వేస్తున్నారు. తాళ్ళు పైకి వెళ్ళి, పిట్టగోడ దాటి, మేడ మీది ఇనప గొట్టానికి కట్టి ఉన్నాయి. నడుముకు బెల్టులున్నాయి కానీ, వాటి కొక్కేలు కూడా ఎవరి కొసనున్న తాడుకు వాళ్ళు తగిలించుకున్నవే. బెల్టులకు వేరే తాళ్ళు ఇప్పిస్తానని మేస్త్రీ మూడు బిల్డింగుల నుంచీ అంటూనే ఉన్నాడు.

అంటే తాడు జారితే బెల్టూ దాంతోపాటే పోతుంది.

బావమరిది తాడు కట్టింది బావ. బావ తాడు కట్టింది బావమరిది. అది వాళ్ళ పద్ధతి. సొంత ప్రాణమైతే అశ్రద్ధ చేస్తాం, ఎదుటివాడి ప్రాణమైతే చెయ్యం అని బావే పెట్టిన నియమం. గొట్టానికి ముడి వెయ్యాలి. తాడు కొస తిప్పి దాని మీద రెండో ముడి వెయ్యాలి. మొదటి ముడి బరువు మోస్తుంది. రెండోది మొదటిదాన్ని జారనివ్వదు.

పొద్దున మొదటి ముడి వేసినట్టు గుర్తుంది. లాగి చూసినట్టూ గుర్తుంది.

రెండోది?

బావ పిట్టగోడకేసి చూశాడు.

మేడ మీద తాళ్ళ దగ్గర ఉండి, అడిగినప్పుడు బల్లను దించేందుకు ఒక మనిషి ఉంటాడు. అతన్ని అందరూ పైవాడు అంటారు. "పైవాడి దయ ఉంటే సాయంత్రానికి నేల మీదుంటాం" అని పనివాళ్ళ జోకు. రెండు వారాలుగా ఈ బావా బావమరుదులు మాట్లాడుకోవడం లేదు. ఏం చెప్పాలన్నా పైవాడి ద్వారానే.

"పైవాడా! ఆ పక్కనున్న పెద్దమనిషికి చెప్పు, రోలరు నా వైపు తేవద్దని!"

"పైవాడా! ఆ చిన్నదొరకి చెప్పు, ఆయన వేసిన గోడ చారలు చారలుగా ఏడ్చిందని!"

"మీ మధ్య బారెడు దూరం లేదు! నా గొంతెందుకు చించుతార్రా?" అని పైనుంచి కేక.

బావ భార్య, అంటే బావమరిదికి సొంత అక్క, ఈ పొద్దున కూడా దెప్పింది. "చర్చిలో బల్లకి వాడు రాడు. పనిలో బల్ల మాత్రం ఇద్దరూ ఎక్కుతారు. దేవుడు చూస్తున్నాడండీ. నవ్వుకుంటున్నాడు కూడా."

చర్చిలో బల్ల అంటే ప్రభువు బల్ల. రొట్టె, ద్రాక్షరసం పంచే ఆదివారం బావ సంఘ పెద్దగా పళ్ళెం పట్టుకుని వరసల వెంట నడుస్తాడు. మొన్న పళ్ళెం చాపితే బావమరిది చేతులు కట్టుకుని తల అడ్డంగా ఊపాడు. మనసులో పగ పెట్టుకుని ఆ రొట్టె ముట్టుకోకూడదని ఇద్దరూ చిన్నప్పటి నుంచీ విన్నదే. వాడు ముట్టుకోలేదు. వరసంతా చూసింది. బావ ముఖం మాడిపోయింది. 'మొండి వెధవ' అని లోపల అనుకుని, అదే చేత్తో మిగతా వరసలకు పంచుకుంటూ వెళ్ళాడు.

గొడవకు మూలం ఒక ప్రార్థన.

ఒక రోజు పని దిగాక బావమరిది తడబడుతూ చెప్పాడు. "బావా, ఈమధ్య పైకెక్కితే కాళ్ళు వణుకుతున్నాయి. కిందకు చూస్తే కడుపులో తిప్పేస్తోంది. ఎవరికీ చెప్పకు." బావ చెప్పలేదు. కానీ బుధవారం ప్రార్థన కూటంలో పాస్టరుగారు "ప్రార్థన మనవులేమైనా ఉన్నాయా?" అని అడగ్గానే లేచి నిలబడ్డాడు. "మా బావమరిదికి ఎత్తంటే భయం పట్టుకుంది. అందరూ ప్రార్థనలో పెట్టండి." అందరూ అయ్యో అన్నారు. అందరూ పెట్టారు. ఆ అందరిలో మేస్త్రీ భార్య కూడా ఉంది.

మర్నాడు మేస్త్రీ పదిమందిలో నవ్వాడు. "ఏమోయ్, నీ కాళ్ళ కోసం ప్రార్థన పెట్టారటగా? నేల మీద పని చూడమంటావా, ఇంట్లోనే కూర్చుంటావా?"

"నాకేం భయం లేదు," అన్నాడు బావమరిది. ఆ మాట నిలబెట్టుకోవడానికే రోజూ అందరికంటే ముందు బల్ల ఎక్కుతున్నాడు. ఎక్కి గోడకేసి తప్ప ఎటూ చూడడు.

ఈ పొద్దున బావ మేడ మీద వంగి వాడి తాడు కడుతుంటే వెనకనుంచి ఎగతాళి వినిపించింది. "పైవాడా, ఆయన్ని కాస్త గట్టిగా కట్టమను. లేకపోతే నాకోసం ఇంకో కూటం పెట్టాల్సొస్తుంది!"

పైవాడు పగలబడి నవ్వాడు. బావకు ఒళ్ళు మండింది. "వాడికోసం ప్రార్థించడం నాదే బుద్ధితక్కువ," అంటూ తాడు వదిలి లేచాడు. అంతవరకు గుర్తుంది. లేచాక మళ్ళీ వంగాడా?

వంగినట్టు గుర్తులేదు.

"పైవాడా!" బావ తల ఎత్తి అరిచాడు. "గొట్టం దగ్గర ముడి చూడు!"

జవాబు లేదు.

"పైవాడా!"

బావమరిది గోడకేసి చూస్తూనే గాలిలోకి అన్నాడు. "పైవాడు టీకి వెళ్ళాడు. ఎంత మొత్తుకున్నా పలకడు."

ఫోన్లు మేడ మీద సంచిలో ఉన్నాయి. చేయి జారితే ముక్కలవుతాయని బల్ల మీదకు తెచ్చుకోరు. బల్ల మీదున్న రోలరు దానంతటదే కదిలి, మెల్లగా బావమరిది వైపు దొర్లింది.

ప్రభువా, ఆ ముడి పట్టుకో. ప్రభువా, పైవాణ్ణి తొందరగా పంపు. ప్రభువా, వాణ్ణి కాపాడు. పెదాలు కదులుతున్నాయి. ఆ కాపాడవలసినవాడు బారెడు దూరంలో కూర్చుని, ఏమీ తెలియక గోడకు రంగు వేస్తూనే ఉన్నాడు.

"ఒరేయ్," అన్నాడు బావ. రెండు వారాల తర్వాత మొదటి మాట. "మెల్లగా నా వైపు రా."

"నా వైపు గోడ ఇంకా అవలేదు."

"గోడ సంగతి తర్వాత."

"ఎందుకు రావాలి?"

నిజం చెబితే అసలే వణికేవాడు బిగుసుకుపోతాడు. లేదా గాభరాగా లేచి పెనుగులాడతాడు. అప్పుడు ఇద్దరూ పోతారు. బావ నోట అబద్ధం వచ్చింది. "ఈ మూల నాకు అందడం లేదు. సాయం పట్టు."

"పొద్దున్నుంచీ అందిన మూల ఇప్పుడందదేం? చెయ్యి పొట్టిదైపోయిందా? నీ మూల నువ్వు చూసుకో."

డబ్బా తనంతట తనే కాస్త జరిగింది.

"నీ తాడు జారుతోందిరా," అన్నాడు బావ.

బావమరిది చెయ్యి ఆగింది. తర్వాత నవ్వాడు. "ఓహో, అదన్నమాట! నేను హడలిపోయి కేకలు పెట్టాలి, సాయంత్రం నువ్వెళ్ళి మేస్త్రీకి చెప్పాలి. లేక బుధవారం దాకా దాచుకుంటావా?"

"ఒట్టు రా..."

"ఒట్లు వెయ్యకూడదని సంఘంలో చెప్పేది నువ్వేగా?"

వాడు నమ్మడం లేదు. నమ్మకుండా చేసింది తనే. బావకు ఏడుపు వచ్చినంత పనైంది.

"విను. పొద్దున నువ్వు వెక్కిరిస్తే నాకు కోపమొచ్చింది. ఒక్క ముడి వేసి లేచిపోయాను. రెండోది వెయ్యలేదు. నీ ప్రాణం నా చేతుల్లో పెట్టుకుని నీ మీద అలిగాను. తప్పు నాది."

బావమరిది నవ్వు పోయింది.

"ఇంకోటి. ఆ బుధవారం నేను చేసింది ప్రార్థన కాదు. నిజంగా ప్రార్థించాలంటే ఇంట్లో తలుపేసుకుని చేసేవాణ్ణి. వీడెంత మంచి బావ అని నలుగురూ అనుకోవాలని నీ గుట్టు బయటపెట్టాను. నన్ను క్షమించు. క్షమించకపోయినా సరే, ముందు ఇటు రా."

బావమరిది మొదటిసారి గోడ మీంచి చూపు తిప్పాడు. బావ ముఖం చూశాడు. డబ్బా చూశాడు. అంచు దాటిన పెయింటు బల్ల మీద చుక్కలు చుక్కలుగా పడుతోంది. తర్వాత చూడకూడని చోటికి, కిందికి చూశాడు.

"బావా," అన్నాడు. "కాళ్ళు రావడం లేదు."

"కాళ్ళతో పనిలేదు. కూర్చునే జరుగు. నా ముఖం చూడు. కింద ఏముందో నేను చూసుకుంటా."

"కొక్కెం?"

"నీ తాడు నుంచి తియ్యాలి. ఇక్కడికొచ్చాక నా తాడుకు తగిలించాలి."

"మధ్యలో?"

"మధ్యలో ఏమీ ఉండదు." ఇక అబద్ధం ఆడదలుచుకోలేదు. "నా చెయ్యి ఉంటుంది."

బావమరిది వేళ్ళు కొక్కెం మీద జారాయి. మళ్ళీ పట్టుకున్నాడు. టక్కుమంది. ఊడింది. వాడు బల్ల అంచులు రెండు చేతులా బిగించి పట్టుకుని ఒక జానెడు జరిగాడు. బల్ల కిర్రుమంది. వాడు ఆగిపోయాడు. కళ్ళు మూతలు పడుతున్నాయి.

"కళ్ళు తెరువు. కీర్తన పాడనా?"

"వద్దు. నీ గొంతు వింటే నేనే దూకేస్తా."

"అయితే తొందరగా రా, లేకపోతే మొదలుపెడతా."

ఇంకో జానెడు. ఇంకొకటి. చెయ్యి చాపితే అందేంత దూరం. బావ చెయ్యి వాడి చొక్కా కాలరు దొరకబుచ్చుకుని లాగింది. రెండో చేత్తో వాడి కొక్కెం అందుకుని తన తాడుకు తగిలించాడు. టక్కుమంది.

పైన సర్రుమని చప్పుడు.

వాళ్ళ కింద బల్ల మాయమైంది. ఒక కొస ఊడి నిలువునా వేలాడింది. డబ్బా, రోలరు గాలిలో తిరుగుతూ వెళ్ళాయి. నడుము బెల్టులు ఊపిరాడకుండా బిగుసుకున్నాయి. ఇద్దరూ గోడకు కొట్టుకుని, ఊగి, మళ్ళీ కొట్టుకున్నారు. చాలా సేపటికి కింద డబ్బా పడిన చప్పుడు వినిపించింది. అక్కడికెవరూ రాకుండా పొద్దునే అడ్డు కట్టారు, అంతవరకు నయం.

కాళ్ళకు ఏదో తగిలింది. ఎనిమిదో అంతస్తు కిటికీ మీది సజ్జ. పాదం పట్టేంత వెడల్పు. దాని మీద నిలదొక్కుకుని, గోడను కరుచుకుని ఉండిపోయారు.

బావ తల ఎత్తి తాడు చూశాడు. ఇప్పుడు ఇద్దరి బరువూ ఆ ఒక్క తాడు మీదే. అది కట్టింది వీడు. ఈ పొద్దునే. తనకున్నంత కోపంతోనే. ఎన్ని ముళ్ళు వేశావురా అని అడగాలనుంది. అడగకుండా గోడను ఇంకా గట్టిగా కరుచుకున్నాడు.

పిట్టగోడ మీంచి పైవాడి తల కనిపించింది. "ఓరి నాయనో!" అంది. మాయమైంది.

"ఎక్కడికి పోతున్నావురా!" బావ గొంతు చిరిగింది.

కాసేపటికి వాళ్ళ ఛాతీ ఎత్తులో ఉన్న తొమ్మిదో అంతస్తు కిటికీ దడదడలాడింది. రెక్క తెరుచుకుంది. మెట్లన్నీ దూకుతూ వచ్చిన పైవాడు రొప్పుతూ రెండు చేతులూ చాపాడు.

"పైవాడే కిందికి దిగొచ్చాడు బావా," అన్నాడు బావమరిది. పళ్ళు టకటకలాడుతున్నాయి. ఎవరికీ నవ్వు రాలేదు. "ముందు వాణ్ణి," అని బావ వాణ్ణి లోపలికి తోశాడు.

కాళ్ళలోకి బలం వచ్చాక ముగ్గురూ మేడ ఎక్కారు. గొట్టానికి ఒక పక్క ఏమీ లేదు. రెండో పక్క బావ తాడు ఉంది. మొదటి ముడి. దాని మీద రెండోది. దాని మీద మూడోది. చివర కొసను ఇనప తీగతో చుట్టి బిగించి ఉంది.

బావ అక్కడే కూలబడ్డాడు. "నా మీద అంత కోపంగా ఉండి ఇన్ని ముళ్ళెందుకు వేశావురా?"

"కోపంగా ఉన్నాననే వేశాను. నా చేతులు ఏం చేస్తాయోనని నాకే భయమేసింది."

బావ ఆ తీగను వేలితో తడిమాడు. అంతలో మెట్ల మీద మేస్త్రీ బూట్ల చప్పుడు.

"ఎవడు? ఆ భయస్తుడేగా? నేను ముందే అనుకున్నా!"

"వాడు కాదు," అన్నాడు బావ. "నేను కట్టిన ముడి జారింది."

"నువ్వా? నీ ముడి జారడమేంటి?"

"సగమే కట్టాను."

మేస్త్రీ అతన్ని ఎగాదిగా చూశాడు. "రేపటి నుంచి తాడు ముట్టుకోకు. నిన్ను ఉంచాలో వద్దో వారం తర్వాత చెప్తా."

"బెల్టులకు వేరే తాళ్ళు వచ్చేదాకా నేనూ ఎక్కను," అన్నాడు బావమరిది. మేస్త్రీ గుడ్లురిమినా మాట మార్చుకోలేదు.

ఆ వారమంతా బావకు నిద్ర లేదు. కన్ను మూస్తే సర్రుమనే చప్పుడు. ఇంట్లో బల్బు మార్చడానికి స్టూలు ఎక్కి, మోకాళ్ళు వణికి, దిగిపోయాడు. "ఏమైందండీ?" అంది భార్య. "బల్బు బాగానే ఉంది," అన్నాడు. ఆమె చీకట్లో అతన్ని చూస్తూ నిలబడింది.

బుధవారం వచ్చింది.

"ప్రార్థన మనవులేమైనా ఉన్నాయా?" అడిగారు పాస్టరుగారు.

బావ లేచాడు. వెనక వరసలో బావమరిది వెన్ను నిటారుగా అయింది. ముందు వరసలో మేస్త్రీ భార్య తల తిప్పి చూసింది.

"నాకోసమే," అన్నాడు బావ. "నాకు ఎత్తంటే భయం పట్టుకుంది. మళ్ళీ బల్ల ఎక్కగలనో లేదో తెలియదు. ప్రార్థించండి."

ఎవరూ అయ్యో అనలేదు. బావ కూర్చున్నాడు. వెనకనుంచి బావమరిది ముందుకు వంగి గుసగుసలాడాడు.

"మేస్త్రీగారి భార్య ఉంది బావా. చూసుకున్నావా?"

"చూసే లేచాను."

పాస్టరుగారు అందరినీ కళ్ళు మూసుకోమన్నారు. బావకు ధైర్యం చాలలేదు, మూస్తే మళ్ళీ ఆ చప్పుడు వస్తుంది. అప్పుడు వెనకనుంచి ఒక చెయ్యి వచ్చి అతని చొక్కా కాలరు గట్టిగా పట్టుకుంది.

బావ కళ్ళు మూసుకున్నాడు.