తొమ్మిది అమావాస్యల సెలవు

ఉద్యోగం మానేస్తానని నెల ముందే చెప్పిన పిల్లను ఆఖరి రోజున కూర్చోబెట్టి, "నువ్వే మాకు బాకీ" అనగలిగిన పెద్దమనుషులు కూడా ఉంటారు. ఎక్కడో కాదు, మా ఊరు కడియంలోనే ఉన్నారు.

మా మనవరాలు సారిక హరిబాబు గారి నర్సరీ ఆఫీసులో పద్నాలుగు నెలలు కంప్యూటర్ ముందు కూర్చుంది. ఏ మొక్కలు ఎన్ని వెళ్లాయి, ఏ లారీ ఏ ఊరు పోయింది, అన్నీ దాని చేతి మీదుగానే జరిగాయి. ఇప్పుడు రాజమండ్రిలో ఒక కంటి ఆసుపత్రి ఆఫీసులో ఇంతకంటే మంచి ఉద్యోగం దొరికింది. సోమవారం చేరాలి. చేరేటప్పుడు పాత చోటి నుంచి రిలీవింగ్ లెటర్ తేవాలన్నారు. తేకపోతే వరసలో తర్వాతి మనిషిని పిలుస్తామని కూడా అన్నారు.

శుక్రవారం సాయంత్రం అది ఇంటికొచ్చి భుజాన సంచి కూడా దించకుండా మంచం మీద కూలబడింది.

"లెటర్ ఇచ్చారా?" అన్నాను.

"ఇస్తారంట మామ్మా. తొమ్మిది సెలవులు ఎక్కువ వాడేశానంట. రోజుకి అయిదొందలు చొప్పున జీతంలో కోసేస్తారంట. ఒప్పుకుని సంతకం పెడితేనే లెటర్. ఎక్కువ సెలవులు పెట్టిందని ఆ లెటర్లోనూ రాస్తారంట."

"పెట్టావా?"

"అవి బదులు రోజులు మామ్మా. నీకు తెలీదా ఏంటి."

తెలియకేం. ఆ నర్సరీలో ఇరవై రెండేళ్లు మొక్కలకు అంట్లు కట్టినదాన్ని. హరిబాబు గారి నాన్నగారు ఉండగా ఒక అమావాస్య నాడు మొక్కల లారీ బోల్తా పడి, డ్రైవరు పక్కన కూర్చున్న ఆయన కాలు విరిగింది. అప్పుడు ఆయన భార్య చిన్నమ్మాయి గారు పెద్దాపురం మరిడమ్మ తల్లికి మొక్కుకున్నారు. ఇక మీదట అమావాస్య నాడు మా నేల నుంచి ఒక్క మొక్క కదలదు, గేటు తియ్యము, పనివాళ్లందరికీ సెలవు అని. ఆవిడకు డెబ్బై దాటినా ఊరందరికీ ఇంకా చిన్నమ్మాయి గారే. ప్రతి అమావాస్యకూ పొద్దున్నే కారెక్కి పెద్దాపురం వెళ్తారు, దణ్ణం పెట్టుకుని సాయంత్రానికి వస్తారు.

ఆ కారు మలుపు తిరగడమే ఆలస్యం, హరిబాబు గారి వెనక గేటు తెరుచుకుంటుంది. ఆగలేని లోడు ఏదైనా ఉంటే పొరుగూరి నుంచి కూలీలను తెచ్చి ఎక్కించేస్తారు. బిల్లు మాత్రం ముందు రోజు తేదీతో కొడతారు. కొట్టడానికి మనిషి కావాలి కదా. "సారికా, మీకు అమావాస్య పట్టింపు ఉండదుగా. ఆ రోజు వచ్చేసి, బదులు ఇంకో రోజు తీసుకోమ్మా" అని ఆయనే చెప్పారు. చర్చికి వెళ్లేవాళ్లకు అమావాస్య పట్టింపు లేదన్నది నిజమే. తల్లి చేత మొక్కు చెల్లింపజేస్తూ వెనక గేటు తీసేవాళ్లకు ఏ పట్టింపు ఉందో నాకు అర్థం కాలేదు.

హాజరు పుస్తకం గుమాస్తా బుల్లబ్బాయి గారి చేతిలో ఉంటుంది. నెల మొదట్లోనే అమావాస్య గడి మీద స్కేలు పెట్టి ఎర్ర గీత గీసేస్తారాయన. ఆ గీత కింద మా పిల్ల తొమ్మిది రోజులు పనిచేసింది, అవి లేవు. బదులుగా ఇంట్లో ఉన్న తొమ్మిది రోజులు మాత్రం సెలవుల కింద నిక్షేపంగా ఉన్నాయి.

శనివారం పొద్దున్నే దాన్ని వెంటబెట్టుకుని వెళ్లాను. హరిబాబు గారు ఫోనులోంచి తలెత్తలేదు.

"ఏం సువార్తమ్మా, మోకాళ్లెలా ఉన్నాయి?"

"వాటికేం బాబూ, అవి సెలవు పెట్టి చాన్నాళ్లయింది. జీతం కోసేవాళ్లు లేరు కాబట్టి హాయిగా ఉన్నాయి."

బుల్లబ్బాయి గారు నవ్వబోయి, యజమాని నవ్వలేదని చూసి దగ్గుగా మార్చుకున్నారు.

"దాని సంగతేనా? చూడు సువార్తమ్మా, నేను అన్యాయం చేసేవాణ్ని కాదు. రిజిస్టర్లో ఉన్నదే లెక్క. నెలకో సెలవు చొప్పున పద్నాలుగు, అది వాడింది ఇరవై మూడు. కావాలంటే చూసుకో."

"నాకు చదువు రాదు కదా బాబూ. ఎర్ర గీతలు మటుకు కనపడతన్నాయి. ఆ అమావాస్యలకి మా పిల్ల ఇక్కడికి రాలేదంటారు."

ఆయన పక్కనే ఉన్న తన ఇంటి వైపు ఓసారి చూసి గొంతు తగ్గించారు. "మెల్లగా మాట్లాడు."

"మెల్లగా నాకు రాదండి. తోట ఈ చివర నుంచి ఆ చివరికి కేకేసుకుంటా బతికినదాన్ని."

కావాలనే అన్నాను. అనుకున్నట్టే చిన్నమ్మాయి గారు ఇంటి వసారా దిగి ఆఫీసులోకొచ్చారు.

"సువార్తా, నువ్వటే? ఎన్నాళ్లయిందే చూసి. అమావాస్య అంటన్నావ్, ఏంటది?"

"ఏం లేదండి చిన్నమ్మాయి గారు. నాకు మతిపోతుందో ఏంటో. మా పిల్ల అమావాస్యలకి కూడా పనిలోకొచ్చినట్టు గుర్తొస్తుందండి."

"నీ మొహం. ఆ రోజు మనం గేటే తియ్యం కదే."

"ఆయ్. అందుకే అడుగుదామని వచ్చానండి. దీపావళి నాడు మా ఇంట్లో బూరెలు వండితే అది తినడానికి లేదండి, నూరువరహాల మొక్కల లారీ పూణె వెళ్లాలంది. క్రిస్మస్ ముందు అమావాస్యకి చర్చిలో పాటల ప్రాక్టీసుకి రాలేదని పాస్టరు గారు నన్ను అడిగారండి. ఆ రోజు సపోటా అంట్లంట. ఉగాది ముందు రోజు ఏదో కొబ్బరి లోడు. వినాయక చవితి ముందొచ్చే అమావాస్యకైతే వాన, తడిసి ముద్దయి ఇంటికొచ్చి, గన్నేరు మొక్కలు నాగపూర్ పంపించామంది."

"గన్నేర్లు కాదు సువార్తమ్మా," అన్నారు బుల్లబ్బాయి గారు. "ఆ రోజు వెళ్లినవి మందారాలు, పదహారు వందలు. గన్నేర్లు వెళ్లింది తర్వాతి అమావాస్యకి."

నలభై ఏళ్లుగా గుమాస్తా మరి. ఇల్లు తగలబడుతున్నా ఎదుటివాడి లెక్క తప్పితే దిద్దకుండా ఉండలేరు. దిద్దిన తర్వాత గానీ తానేమన్నారో ఆయనకు తెలియలేదు. హరిబాబు గారు ఫోను బల్ల మీద బోర్లా పెట్టారు.

"ఏ అమావాస్యకి బుల్లబ్బాయ్?" అన్నారు చిన్నమ్మాయి గారు.

ఆయన స్కేలు తీసి పుస్తకంలో పెట్టారు, మళ్లీ బయటికి తీశారు.

"అమ్మా, కొనే పార్టీలు ఒక్కోసారి ఆగరమ్మా," అన్నారు హరిబాబు గారు.

"అమ్మవారు మటుకు ఆగాలా? నేను కొబ్బరికాయ కొట్టి, ఒక్క మొక్క కదల్లేదు తల్లీ అని చెప్పొస్తన్నాను. ఎన్నిసార్లు చెప్పించావురా నాచేత?"

"తొమ్మిదండి," అంది సారిక.

తర్వాత పావుగంట తల్లీ కొడుకుల గొడవ. శాంతి చేయించాలని ఆవిడ, చేయిద్దామని ఈయన. ఎంత ఖర్చవుతుంది, ఏ పంతులు గారిని పిలవాలి, కారు ఎవరు నడపాలి. మా పిల్ల జీతం మాట ఒక్కరూ ఎత్తలేదు. పెద్దవాళ్లకు దేవుడితో ఉన్న బాకీ గుర్తొస్తే గుమ్మంలో నిలబడ్డ మనిషి బాకీ చిన్నదైపోతుంది కాబోలు.

"అమ్మవారితో మీ లెక్క మీరు నిదానంగా తేల్చుకోండి," అన్నాను. "మా దానికి సోమవారం పొద్దున్నే ఉద్యోగం ఉంది."

హరిబాబు గారు చిరాగ్గా చెయ్యి ఊపారు. "ఆ నాలుగు వేల అయిదొందలు కొయ్యకు బుల్లబ్బాయ్. పెళ్లి కానుక అని రాసేయ్."

"నాకు పెళ్లి కుదర్లేదండి," అంది సారిక.

"కుదురుద్దిలే."

"కానుకలు వద్దండి. జీతమనే రాయమనండి."

చిన్నమ్మాయి గారు కొడుకు వైపు చూశారు. బుల్లబ్బాయి గారు జీతమనే రాశారు. ఎర్ర గీతల పక్కన ఒక్కొక్క చోట 'వచ్చినది' అని కూడా రాశారు. తొమ్మిదీ రాసి, వేలు పెట్టి మళ్లీ లెక్కపెట్టుకున్నారు.

ఇక లెటర్. ఆ ఆఫీసులో కంప్యూటర్ మీద చెయ్యి వేయగలిగింది సారిక ఒక్కతే. అందుకని తన లెటర్ తనే కొట్టుకోవాల్సి వచ్చింది. హరిబాబు గారు వెనక నిలబడి చెప్తుంటే అది ఇంగ్లీషులో కొడుతోంది. పేరు, చేరిన తేదీ, మానేసిన తేదీ. ఆయన గొంతులో పెద్దరికం మెల్లగా తిరిగొచ్చింది.

"సెలవులు కొంచెం ఎక్కువ వాడుకున్నా, పని మంచిది కాబట్టి మన్నించడమైనది. అలా పెట్టు."

టకటక ఆగిపోయింది.

"అది కొట్టనండి," అంది సారిక.

"ఒక్క లైనే కదా. నా మాట కూడా ఉండాలి కదమ్మా."

"మన్నించడానికి నేనేం చేశానండి?"

గొంతు పెంచలేదు. చేతులు తీసి ఒళ్లో పెట్టుకుంది. ఆయన లెటర్ ఇవ్వనంటే సోమవారం ఆసుపత్రిలో దాని కుర్చీలో ఇంకెవరో కూర్చుంటారు. పోనీలే, ఆ ముక్క కొట్టెయ్యవే అని నోటి దాకా వచ్చింది కూడా. మింగేశాను.

హరిబాబు గారు బుల్లబ్బాయి గారి వైపు చూశారు. బుల్లబ్బాయి గారు కంప్యూటర్ వైపు చూశారు, పడగెత్తిన పామును చూసినట్టు. వయసులో ఉన్న పిల్ల మూడు నిమిషాలు చేతులు ముడుచుకుంటే ముప్పై ఎకరాల నర్సరీ ఆగిపోయింది.

"ఇంకెవరైనా ఉన్నార్రా కొట్టేవాళ్లు?" అన్నారు చిన్నమ్మాయి గారు.

ఎవరూ లేరు.

"సరే, నువ్వే ఏదో ఒకటి పెట్టు," అన్నారు హరిబాబు గారు.

అది ఏదో ఒకటి పెట్టలేదు. ఆలోచించుకుంటూ నాలుగు లైన్లు కొట్టి, కాగితం తీసి ఆయన ముందు పెట్టింది. ఆయన చదవకుండానే సంతకం చేయబోయారు.

"ఆగండి బాబూ. నాకు ఇంగ్లీషు రాదు. ఏం రాసిందో నేనూ వినాలి కదా," అన్నాను.

సారిక తెలుగులో చదివింది. ఈమె మా దగ్గర పద్నాలుగు నెలలు పనిచేసింది, సెలవుల్లో గానీ జీతంలో గానీ మాకు ఏమీ బాకీ లేదు, పని బాగా చేసింది అని.

"ఇంకోసారి చదవ్వే," అన్నాను.

నాకు మొదటిసారే వినపడింది. రెండోసారి హరిబాబు గారి కోసం. ఆయన పూర్తిగా విని సంతకం పెట్టారు. బుల్లబ్బాయి గారు ముద్ర వేశారు.