పాదరసం గీత

కెనడాలోని విక్టోరియా ఊరి పైనున్న కొండమీద, వేధశాల నేలమాళిగలో, హెస్టర్ ప్రింగిల్‌కు ఆ మధ్యాహ్నం ఒక చిక్కు ఎదురైంది. ఎదురుగా సూక్ష్మదర్శిని కింద ఫొటో తీసిన గాజు పలక. దానిమీద ఒక నక్షత్రపు వెలుగు సన్నటి గీతలుగా విడిపోయి ఉంది. నక్షత్రంలో ఏ మూలకం ఉంటే దాని గీత పడుతుంది; అందులో ఒకటి పాదరసం గీత. మామూలు నక్షత్రంలో అంత పాదరసం ఉండదు.

ఆమె పై అధికారి డాక్టర్ క్రోఫ్ట్ పొద్దున్నే అనేశాడు. "పాదరసం మన దీపంలో ఉంది మిస్ ప్రింగిల్, చుక్కలో కాదు. మూత సరిగ్గా వేస్తున్నారా?"

నక్షత్రపు గీతలతో పోల్చి చూడటానికి వెలిగించే పాదరసపు దీపానికి మూత వేసే పని మూడేళ్లుగా ఆమెదే. వేస్తున్నాననే చెప్పింది. కానీ పొయ్యి ఆర్పానో లేదో అని సగం దారిలో అనుమానం పట్టుకున్నట్టు, ఏ ఒక్క రోజూ గట్టిగా గుర్తుకు రాలేదు. దీపం వెలుగే పలకలోకి దూరి ఉంటే, ఇన్నాళ్లూ తీసిన తొంభై పలకలూ చెత్తబుట్టకే. టొరంటోలో ఇలాంటి పొరపాటుకే ఆమెను ఒకసారి ఉద్యోగంలోంచి పంపించేశారు. నలభై ఆరేళ్ల వయసులో మళ్లీ ఎవరు పిలిచి పని ఇస్తారు?

తేల్చుకునే దారి ఒకటుంది. అది జంట నక్షత్రం. తిరిగే జంటలో ఒకటి మనవైపు వస్తుంటే రెండోది దూరం జరుగుతుంది. వాటి గీతలు కూడా చెరో పక్కకు జరుగుతాయి. దీపం గీత మాత్రం ఉన్నచోటే ఉంటుంది. జంట గీతలు బాగా దూరంగా విడిపోయిన రోజు తీసిన పలక ఇదే.

కొలవడానికి గంటసేపు ధైర్యం చాలలేదు. టీ కాచుకుంది, తాగలేదు. చివరికి సూక్ష్మదర్శిని కొలత మర తిప్పింది.

పాదరసం గీత పక్కకు జరిగి ఉంది. జంటలో పెద్దదాని ఇనుము గీతలు ఎంత జరిగాయో సరిగ్గా అంతే. పలకను తిరగేసి మళ్లీ కొలిచింది. అదే అంకె. అయినా నమ్మకం కుదరలేదు. భయంకొద్దీ కావలసినదే చూశానేమో!

తన అంకె చెప్పకుండా క్రోఫ్ట్‌నే కొలవమంది. ఆయన కొలుస్తున్నంతసేపూ వసారాలో గోడకు ఆనుకుని నిలబడింది. 

ఆయన బయటికొచ్చి కళ్లద్దాలు తీశాడు. "మిమ్మల్ని అనుమానించాను, తప్పు నాదే. ఆ పాదరసం పెద్ద చుక్కదే. వచ్చే నెల ఒట్టావాలో శాస్త్రజ్ఞుల సభలో మీరే చెప్పాలి."

"వందమంది ముందు నేనా?"

వెళ్లింది, చెప్పింది. మొదటి ఐదు నిమిషాలు తన గొంతు తనకే వినపడలేదు.