చివరి మనిషి చెయ్యెత్తాలి

"నువ్వు వెనకే ఉండు. నీకు అలవాటేగా," అన్నారు మా ఆయన, మెడలో విజిల్ తగిలించుకుంటూ. నేనప్పుడు సింకు దగ్గర ఆరో సీసాలో నీళ్ళు నింపుతున్నాను. ఆరింట్లో నాది ఒక్కటే. మిగతావి ఎవరైనా మర్చిపోయి వస్తారేమోనని. మర్చిపోవడం వాళ్ళ వంతు, గుర్తుపెట్టుకోవడం నా వంతు.

ఆయన మా నడక బృందానికి లీడరు. మొత్తం పద్నాలుగు మందిమి. ఈ ఆదివారం పొద్దంతా నడకే. రెండు పార్కులు, ఒక వంతెన, ఆ తర్వాత నది పక్క దారి. ఆయన తయారుచేసిన కాగితంలో 'నది ఒడ్డున పది నిమిషాల విరామం' అన్న ముక్కని నేను వారం రోజులుగా ఫ్రిజ్ తలుపు మీద చదువుకుంటున్నాను. ఈ ఊరొచ్చి ఇరవై రెండేళ్ళయింది. రోజూ ల్యాబుకి బస్సులో ఆ నది దాటుతాను. ఒక్కసారైనా దాని పక్కన కూర్చోలేదు. ఆ పది నిమిషాలు నాక్కావాలి. నవ్వకండి, నా కోరిక అంతే.

పోయినేడాది ఒకాయన దారి తప్పి, గంటసేపు అందరినీ కంగారు పెట్టాక మా ఆయన ఒక నియమం పెట్టారు. ఒకరు నారింజ రంగు జాకెట్ వేసుకుని అందరికన్నా వెనక నడవాలి. ఆగిన ప్రతిచోటా ఆ చివరి మనిషి వచ్చి, అందరూ ఉన్నారని చూసుకుని చెయ్యెత్తాలి. ఆ చెయ్యి లేవనిదే విజిల్ ఊదకూడదు, ఎవరూ కదలకూడదు. ఈ నియమం గురించి ఆయన చుట్టాలందరికీ ఫోన్లు చేసి మరీ చెప్పుకున్నారు. జాకెట్ ఎవరు వేసుకుంటున్నారో మాత్రం చెప్పలేదు.

మొదటి పార్కులో నాతోపాటు టీచరమ్మ వెనకబడింది. రిటైరై పదేళ్ళయింది. మోకాళ్ళు అరిగాయి గానీ నోరు అరగలేదు. ఒకరు విప్పి నా చేతిలో పెట్టిన స్వెట్టరు మోసి, ఇంకొకరి కాలి బొబ్బకి ప్లాస్టరు అంటించి మేమిద్దరం బెంచీల దగ్గరికి చేరేసరికి, మిగతావాళ్ళు కాళ్ళు చాపుకుని కబుర్లలో ఉన్నారు. నన్ను చూడగానే మా ఆయన లేచారు.

"వచ్చేశారా? చెయ్యెత్తు మరి."

ఎత్తాను. విజిల్ మోగింది. పన్నెండు మందీ ఒళ్ళు విరుచుకుని హుషారుగా బయల్దేరారు.

రెండో పార్కులోనూ అదే తంతు. టీచరమ్మ ఇంకా బెంచీ మీద చెయ్యైనా ఆనించలేదు, విజిల్ మోగింది. "చూశావా అమ్మాయ్? మనం రాగానే వీళ్ళకి ఓపికొచ్చేస్తోంది," అంది రొప్పుతూ.

నవ్వాను గానీ, వంతెన దాటేంతవరకూ ఆ మాట నన్ను వదల్లేదు. నిజమే కదా. నేను వచ్చానంటే వాళ్ళ విశ్రాంతి పూర్తయిందని అర్థం. ఇంట్లో నేను కంచం ముందు కూర్చునేసరికి అందరూ చేతులు కడుక్కుంటూ ఉంటారు. "అమ్మా, టవలెక్కడ?" అని ఒక కేక. "అందరూ తిన్నాక తింటేనే ఇల్లాలికి తృప్తి," అనేవారు మా అత్తగారు. తృప్తి సంగతి దేవుడెరుగు, నాకు దక్కింది చల్లారిన కూర. ల్యాబులో నా భోజనం వంతు వచ్చేసరికి కొత్త శాంపిల్స్ దిగుతాయి. "మీరైతే సర్దుకుంటారులెండి," అంటాడు మా సూపర్‌వైజరు, అదేదో బిరుదు ఇస్తున్నట్టు. నడుస్తున్నానన్న మాటే గానీ ఒళ్ళంతా చిరచిరలాడుతోంది. ఈ కోపం ఎవరి మీదో తేలడం లేదు. ఎవరైనా నా చెయ్యి పట్టుకుని పైకి లేపారా? ఎత్తింది నేనే కదా! ఆ ఆలోచనకి మరీ ఉడుకెత్తిపోయింది.

నది దగ్గరికి మేం చేరేసరికి వాళ్ళ పది నిమిషాలూ అయిపోవచ్చాయి. మా ఆయన విజిల్ నోట్లో పెట్టుకుని నా చేతికేసి చూస్తున్నారు. నేను టీచరమ్మని బెంచీ మీద కూర్చోబెట్టాను. బ్యాగు దింపాను. పక్కనే కూర్చుని బూట్లు విప్పుకున్నాను.

"ఏంటీ, చెయ్యెత్తవేం? అందరూ వచ్చేశారుగా!"

"ఇప్పుడే వచ్చామండీ. పది నిమిషాలని మీరే రాశారుగా."

"ఇందాకట్నుంచీ కూర్చునే ఉన్నాం కదా!"

"మీరు కూర్చున్నారు," అన్నాను.

ఆయన చుట్టూ చూశారు. అప్పటికే లేచినవాళ్ళు ఎటూ కదల్లేక నిలబడ్డారు. నియమం ఆయనదే మరి.

"రూలంటే రూలే కదండీ, లీడరుగారూ," అంది టీచరమ్మ కాళ్ళు బారచాపుతూ. ముందు ఒకావిడ మళ్ళీ కూర్చుంది. తర్వాత ఇంకొకాయన.

నదిలో నీళ్ళు బస్సులోంచి కనిపించినంత అందంగా ఏమీ లేవు, మురికిగా ఉన్నాయి. అయినా చూస్తున్నాను. ఎవరి సీసా ఖాళీ అయిందో, ఎవరి స్వెట్టరు నా బ్యాగులో ఉండిపోయిందో బుర్రలో తిరుగుతూనే ఉంది. కుడికాలు దానంతటదే ఊగుతోంది. కూర్చోవడం చేతకాని కాలు, ఊగనీ. చెయ్యి మాత్రం ఒళ్ళోంచి లేవలేదు.