గురువారం ఆట, శుక్రవారం ఫోను

ఎండ పడుతోందా అని అడిగితే లేదంటుంది, ఆ మాట అక్కడితో అయిపోతుంది, కాబట్టి ఎండ సంగతి వద్దు, మరేం అడగాలి, కిటికీ పక్కన కూర్చున్న సొంత బిడ్డను పలకరించడానికి ఇంత తన్నుకులాడే తండ్రి సుల్తానాబాద్ మొత్తంలో ఇంకొకడు ఉంటాడా అనుకున్నాడు హనుమండ్లు, పల్లెవెలుగు బస్సు ఊరు దాటి రైసు మిల్లుల వెంబడి పోతోంది, రోడ్డు పక్కన వడ్లు ఆరబోసి ఉన్నాయి, కరీంనగర్ ఇంకో ముప్పావు గంట, అక్కడ సృజన హైదరాబాదు బస్సెక్కుతుంది, ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం, ఇక ఏ పండుగకో పబ్బానికో రావడమే, పదకొండేళ్లు సౌదీలోని దమ్మామ్‌లో ఉండి తను ఇంటికి వచ్చేసి నాలుగు నెలలైంది, ఈ నాలుగు నెలల్లో బిడ్డతో కడుపునిండా ఒక్క ముచ్చట జరగలేదు, ఈ ముప్పావు గంటలో జరగకపోతే ఇక జరగదు, అందుకే కదా బావమరిది సదానందం బండి మీద నేను దింపొస్త అంటే వద్దు, నా బిడ్డను నేనే తీస్కపోత అని పోట్లాడి మరీ బయల్దేరాడు, పోట్లాడినంత సులువు కాదు నాయనా మాట్లాడటం.

కండక్టరమ్మ వచ్చింది, సృజన ఆధార్ కార్డు చూసి జీరో టికెట్ కొట్టింది, యాడికి చెల్లె అంటే హైదరాబాద్‌కు, నర్సు నౌకరి అని చెప్పింది సృజన, మా ఆడబిడ్డ గూడ నర్సే, డ్యూటీలు మస్తు పరేషాన్ ఉంటయట గదా అంది, అవునక్కా, నైట్లు వడితే గంతే అని సృజన నవ్వింది, చూడవయ్యా హనుమండ్లూ, ఒక్క టికెట్ చింపేంతసేపట్లో ఇద్దరూ అక్కాచెల్లెళ్లయిపోయారు, పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు, నీ మాట పెదవే దాటదాయె, ఇప్పుడే అడగాలి, బిడ్డ ముఖంలో ఆ నవ్వు ఆరకముందే అడగాలి, గొంతు సవరించుకుని తిన్నవా బిడ్డా అన్నాడు, అనగానే నాలుక కరుచుకున్నాడు, భార్య కిష్టవ్వ పచ్చిపులుసు పోస్తే పక్కపక్కనే కూర్చుని తిని గంట కూడా కాలేదు, సృజన అటే చూస్తూ తిన్న బాపూ, మీరు తిన్నరా అంది, తిన్న, మంచిగున్నవా, మంచిగున్న, ఇగో అవ్వకిస్తున్న అంది, అనేసి చెయ్యి కూడా కొంచెం ముందుకు చాపింది, ఆ చేతిలో ఫోను లేదు, అందుకోవడానికి పక్కన తల్లీ లేదు, బిడ్డ గబుక్కున చెయ్యి తీసి ఒళ్లోని బ్యాగు జిప్పు సరిచేసుకుంది, తను ముందు సీటు రాడ్డును చూశాడు, రంగు లేచిపోయి ఉంది.

అవ్వకిస్తున్న, ఈ మాట ఎన్ని శుక్రవారాలు విన్నాడు, అక్కడ సెలవు రోజు, లేబర్ క్యాంపు మెట్ల మీద కూర్చుని ఫోను చేస్తే మొదట బిడ్డే ఎత్తేది, నాలుగో తరగతి పిల్ల, తిన్నవా, తిన్న, సదువుతున్నవా, సదువుతున్న, అవ్వకిస్తున్న, గీత గీసినట్టు అంతే, ఎప్పుడో ఒకసారి మాత్రం చెప్పి చెప్పి అలిసిపోయేంత మాట్లాడేది, ఎందుకు మాట్లాడేదో ఎందుకు మానేదో తనకు అంతుపట్టలేదు, మేనమామను నువ్వు అంటుంది, వీపు మీద ఒక్కటి చరుస్తుంది, తనను మీరు అంటుంది, కన్నతండ్రినే కదా, ఊరి సర్పంచునా, పిల్లకు నేనంటే ఇష్టం లేదని ఎన్నో ఏట తేల్చుకున్నాడో గుర్తులేదు, తేల్చుకున్నాక తనూ ఎక్కువ అడగడం మానేశాడు.

అక్కడ మాత్రం మాటలకు కరువు లేదు, కంపెనీ వాడు గురువారం గురువారం స్టేడియంలో కుర్చీలు తుడవడానికి పంపేవాడు, చిన్న ఫుట్‌బాల్ క్లబ్బు, పచ్చ బనీన్ల జట్టు, పేరు అరబ్బీలో మూడు మాటలు, ఎప్పుడూ ఓడేది, గెలిస్తే జనం చివరిదాకా ఉండి గింజల పొట్టు, కాగితం గ్లాసులు, చింపిన జెండాలు మోకాలెత్తు వదిలిపోయేవారు, ఓడితే సగం మంది ముందే లేచిపోయేవారు, గంటలో పని ఖతం, అందుకని ఊడ్చేవాళ్లందరూ ఓడాలని మొక్కేవారు, తనొక్కడే గెలవాలని గోలు వెనక మెట్ల మీద గుండె పట్టుకుని కూర్చునేవాడు, లక్సెట్టిపేట దేవదాస్ తిట్టేవాడు, గెలిస్తే గీ చెత్తంత మీ తాతొచ్చి ఎత్తుతడారా అని, ఎందుకు కట్టుబడ్డాడో ఆ జట్టుకు, ఓడి తలలు దించుకుని పోయే ఆ పదకొండు వీపులు తన ఊరివాళ్లవే అనిపించేవి, కూలి దొరక్క అడ్డా మీంచి ఇంటికి మళ్లిన వీపులు, బంగ్లా వాడైనా నేపాల్ వాడైనా బస్సెక్కుతూ చేతి వేళ్లు చూపించేవాడు, ఇటు ఒకటి అటు మూడు, అంతే, భాష రాకపోయినా క్యాంపు దాకా మాట్లాడుకుంటూ పోయేవారు, ఇక్కడ చాయ్ హోటల్లో ఎత్తితే ఫుట్‌బాలా, గదేం ఆట కాకా, ఐపీఎల్ జెప్పు అన్నారు, ఆ తర్వాత ఎత్తలేదు.

ఇరుకుల్ల వాగు దాటింది బస్సు, అయ్యో, అప్పుడేనా, వాగులో నీళ్లు లేవు, మొన్న గురువారం ఆ జట్టు ఈ ఏటి చివరి ఆట కూడా ఓడి కింది డివిజన్‌లోకి పడిపోయింది, ఫోనులో చూసి అన్నం ముందు నుంచి లేచాడు, పానం మంచిగ లేదా అంది కిష్టవ్వ, ఏం చెబుతాడు, కన్నబిడ్డ ఊరు వదిలిపోతుంటే ఏడవని మొగోడు ఎవడో అరబ్బులు ఓడారని ఏడుస్తున్నాడంటే ఊరు నవ్వదా, దుర్శేడు స్టేజీ, ఎవరో దిగారు, ఎవరో ఎక్కారు, డ్రైవరూ జర నెమ్మదిగ పోనియ్యరాదు, హాస్టల్ రూము ఎట్లుంటదో అడుగు, వద్దు, నిన్న కిష్టవ్వ అడిగింది, దోస్తులు ఉన్నారేమో అడుగు, ఉన్నరు అంటుంది, తర్వాత, ఏమీ దొరకక, ఏమీ దొరకకనే, నోట్లోంచి జారిపోయింది, బిడ్డా, మా పచ్చ టీం కిందికి వడ్డది.

ఎర్కే బాపూ, నాలుగు సున్న, అంది సృజన.

నీకెట్ల ఎర్క అన్నాడు, సృజన మొదటిసారి పూర్తిగా ఇటు తిరిగింది, చిన్నప్పుడు మీరు ఫోన్ల టీం పేరు చెప్తె నోట్‌బుక్కుల రాసుకోలేదా, గురువారం గురువారం మామ ఫోన్ల కొట్టి చూస్తుంటి, గెలిస్తె శుక్రవారం మీరు మస్తు ముచ్చట పెడుతుంటిరి, ఓడితె మీ గొంతు చిన్నగయితుండె, బాపు పరేషాన్ల ఉన్నడు, సతాయించద్దని జల్ది అవ్వకిస్తుంటి, ఎవ్వలికి చెప్పలే, అవ్వకు గూడ ఎర్క లేదు, అని నవ్వింది, తన తెలివికి తనే మురిసిపోతున్న నవ్వు, మొన్న గూడ ఓడింది గదా, అందుకే గీ నాలుగు దినాలు మిమ్మల్ని పలకరియ్యలే, అంది.

ఏడాదికి నాలుగుసార్లు, మహా అయితే ఐదు, అంతకన్నా గెలిచింది లేదు ఆ జట్టు, పదకొండేళ్లు, ఓరి దేవుడా, ఓడిన రాత్రి నిద్ర పట్టేది కాదు, తెల్లారి అందరికన్నా ముందు లేచి మెట్ల మీద ఫోను పట్టుకుని కూర్చునేవాడు, ఓడిన నాడే, సరిగ్గా ఆ నాడే బిడ్డ గొంతు వినాలని పానం కొట్టుకునేది, బాపూ అనగానే తన గొంతు పూడుకుపోయేది, పూడుకున్న ఆ గొంతు విని ఆ పసిది ప్రేమ కొద్దీ, అచ్చంగా ప్రేమ కొద్దీ ఫోను అవ్వ చేతికిచ్చి పక్కకు పోయేది, ఇష్టం లేదనుకుని తనూ తగ్గించుకున్నాడు, తగ్గిన కొద్దీ పిల్ల ఇంకా తొందరగా ఇచ్చేది, తప్పు ఎవరిదని పట్టుకోవాలి, చెప్పాలి, ఇప్పుడే చెప్పాలి, బిడ్డా గట్ల గాదు అని చెప్పాలి, బొమ్మకల్ దాటింది, చెబితే, చెబితే ఏమవుతుంది, ఈ నవ్వు ఇక్కడే పోతుంది, బాపు కోసం తొమ్మిదేళ్లప్పుడు మొదలుపెట్టి ఇన్నాళ్లూ గుట్టుగా చేసిన మేలు మేలు కాదని తెలిసి హైదరాబాదు దాకా ఏడుస్తూ పోతుంది, కొత్త ఉద్యోగం, కొత్త ఊరు, నెత్తిన ఈ మూట, తండ్రన్నవాడు చేసే పనేనా అది.

బస్టాండులో హైదరాబాదు బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది, బ్యాగు పైకి అందించాడు, మెట్టు మీద నిలబడి ఏమన్న అంటున్నరా బాపూ అంది, ఏం లేదు బిడ్డా, మంచి పని జేసినవ్, ఓడిన నాడు నాకు మాట్లాడబుద్ది కాకపోతుండె అన్నాడు, నేను గదే అనుకున్న అంది సృజన, ముఖం వెలిగిపోయింది, పైలం బాపూ, పైలం బిడ్డా, బస్సు మలుపు తిరిగింది, అరటిపండ్ల బండి వాడు డజను ఎనభై అని అరుస్తున్నాడు, హనుమండ్లు అక్కడే నిలబడిపోయాడు, బిడ్డ వారం వారం ఫోను చేస్తుంది, చేయకపోదు, తన గొంతు ఏ కాస్త తగ్గినా బాపును సతాయించద్దని ప్రేమగా పెట్టేస్తుంది, వద్దు బిడ్డా, జరసేపు ఉండు అని ఇక అనలేడు, అంటే ఇందాక తన నోటితో తను చెప్పిన మాట అబద్ధమని తేలిపోతుంది.